ఇమాటినిబ్ 400: తొమ్మిదేళ్లు వేసుకున్నాక ఒక టైలర్ రాస్తున్న రివ్యూ

మొన్న ఆన్‌లైన్‌లో తెప్పించిన మాత్రల డబ్బా ఇంటికొచ్చి గంట కూడా కాలేదు, ఫోన్‌లో అడిగారు: "ఈ వస్తువుకి ఎన్ని స్టార్లు ఇస్తారు?" అంతకు ముందు వారమే కత్తెరకి నాలుగిచ్చాను, ఇస్త్రీ పెట్టెకి రెండిచ్చాను (వైరు పొట్టి). బ్లడ్ క్యాన్సర్ మాత్రకి ఎన్నివ్వాలో తోచక ఫోన్ పక్కన పడేసి బ్లౌజులు కుట్టుకున్నాను. రాత్రికి మళ్లీ అడిగారు. సరే, చెబుదామని కూర్చుంటే ఆ పెట్టెలో నాలుగు వాక్యాలకి మించి పట్టలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది కావలి. ఇంటి ముందు గదిలోనే షాపు. ఇరవై రెండేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను, ఫాల్స్, పీకో కూడా చేస్తాను. నేను డాక్టర్ని కాదు, డిగ్రీ రెండో ఏడులో ఆపేసినదాన్ని. ఇందులో వచ్చే రసాయనాల సంగతులన్నీ మా అమ్మాయి బి.ఫార్మసీ చదువుకుంటూ నాకు చదివి వినిపించినవి. వాటిని నాకు తెలిసిన కుట్టు పనిలోకి మార్చుకుని అర్థం చేసుకున్నాను. మాత్ర చేసిన కంపెనీ పేరు, మెడికల్ షాపుల పేర్లు రాయను. ఈ రివ్యూ మందుకి, దాన్ని అమ్మేవాళ్లకి కాదు. అమ్మేవాళ్ల మీద కోపం మాత్రం కొంచెం ఉంది, అది మధ్యలో వస్తుంది.

2016లో దసరాకి నెల ముందు నా జాకెట్టు నాకే బిగుతయింది. అదీ కింద పట్టీ దగ్గర మాత్రమే. చేతులేమో వదులు. ఆడవాళ్ల ఒళ్లు కొలవడం నా వృత్తి. ఒళ్లు చేస్తే చేతులు, వీపు, నడుము అన్నీ కలిసే చేస్తాయి. చేతులు చిక్కి కడుపు పెరగడం కడుపుతో ఉన్నవాళ్లలో తప్ప నేను చూడలేదు. టేపు తీసుకుని కొలుచుకుంటే నడుము 32 నుంచి 35కి వచ్చింది, చేతి చుట్టు పదకొండున్నర నుంచి పదింపావుకి పడింది. అందరి కొలతలూ రాసే నోట్‌బుక్‌లోనే చివరి పేజీలో నా పేరు రాసి, తేదీ వేసి, ఈ రెండంకెలూ రాసుకున్నాను. మిషను మీద వంగితే ఎడమ పక్క డొక్కలో రాయి పెట్టినట్టు ఉండేది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. గ్యాస్ అనుకుని పదిహేను రోజులు గ్యాస్ మాత్రలు మింగాను.

రక్త పరీక్షలో తెల్ల కణాలు 2,14,000 వచ్చాయి. మామూలుగా 4 వేలకీ 11 వేలకీ మధ్య ఉండాలి. మిషను చెడిపోయిందేమోనని ల్యాబ్ అబ్బాయి అదే రక్తాన్ని రెండోసారి నడిపించాడంట. డొక్కలో ఉన్న ఆ రాయి వాచిన ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం, ఇంగ్లీషులో స్ప్లీన్). నెల్లూరు పంపించారు. అక్కడ నడుము ఎముకలోంచి మూలగ తీసి పరీక్షకి పంపి, వారం తర్వాత పేరు చెప్పారు: క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, పొట్టిగా సీఎంఎల్.

"అమ్మా, దీనికి సెలైన్‌లో ఎక్కించే మందులు అక్కర్లేదు. రోజుకో మాత్ర," అన్నారు డాక్టరు గారు. మా ఆయన నమ్మలేదు. బ్లడ్ క్యాన్సర్ అంటే సినిమాల్లో రుమాల్లో రక్తం కక్కుకుని పోవడమే కదా మనకి తెలిసింది. మాత్రతో పోయేదైతే క్యాన్సరెట్లా అవుతుంది, వీళ్లేదో దాస్తున్నారని ఆటో తోలుకుంటూ కావలి దాకా అదే గొణిగాడు. ఆ ఏడు దసరా, మొహర్రం పక్కపక్క రోజుల్లో వచ్చాయి. మా అమ్మ నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి పోయి, రొట్టెల పండగలో తడి చీరతో నిలబడి నా పేరున ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. ఆ రొట్టె ముక్క తిన్నాను, మాత్రా మింగాను. రెండింట్లో ఏది పనిచేసిందని అమ్మని అడిగితే ఇప్పటికీ నావైపు గుర్రుగా చూస్తుంది.

ఇక వస్తువు సంగతి. ముదురు పసుపుకీ ఇటుక రంగుకీ మధ్య ఉంటుంది, కంపెనీ మారితే రంగు కూడా కాస్త మారుతుంది. 400 మిల్లీగ్రాముల మాత్ర పెద్దదే, బ్లౌజు కాజాలో పట్టదు (పెట్టి చూశాను). తిన్నాక, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో, కూర్చునో నిలబడో వేసుకోవాలి. మింగలేనివాళ్లు ఒక గ్లాసు నీళ్లలో కరిగించుకుని తాగొచ్చని డబ్బాలోని కాగితంలో ఉంటుంది. నేను ఒకసారి కరిగించాను. ఆ రుచి గురించి రాయను. మొదటి మాత్ర మాత్రం ఆత్రం కొద్దీ నెల్లూరు పొగతోటలో షాపు ముందే, ఖాళీ కడుపుతో, రెండు గుక్కల నీళ్లతో వేసుకున్నాను. పది నిమిషాల్లో అక్కడే రోడ్డు పక్కన కక్కేశాను. అంత ఖరీదైన మాత్ర మట్టిలో పడిపోయిందే అని ఏడ్చాను, జబ్బు పేరు విన్నప్పుడు కూడా అంత ఏడవలేదు.

రెండో నెలకి డొక్కలో రాయి కరిగిపోయింది. తెల్ల కణాలు 7,200. నడుము కొలిస్తే మళ్లీ 32. నోట్‌బుక్‌లో రాశాను.

ఇదెట్లా జరిగిందో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టలేదు. ఎవరి బ్లౌజైనా చక్కగా కూర్చుంటే తిరగేసి లోపలి కుట్టు చూడటం నాకు అలవాటు. మా అమ్మాయి అప్పటికి ఇంటర్. ఫార్మసీలో చేరాక పూర్తిగా విప్పి చెప్పింది.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఈ జబ్బున్నవాళ్ల రక్తకణాల్లో ఒక క్రోమోజోము (కణం ఏ ప్రొటీన్ తయారుచేయాలో చెప్పే జీన్లుండే దారం లాంటిది) ఉండాల్సినదాని కన్నా పొట్టిగా ఉండటం చూశారు. దానికి ఆ ఊరి పేరే పెట్టారు. తెగిపోయిన ముక్క ఏమైందో తేల్చింది 1973లో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ. క్రోమోజోముల ఫోటోలు ఇంటికి తెచ్చుకుని, ఒక్కోదాన్నీ కత్తెరతో కత్తిరించి, భోజనాల బల్ల మీద పరుచుకుని జత చూసేదంట. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఎగతాళి చేసేవాళ్లంట. ఇది విన్న రోజు నాకు ఆమె మా వీధిలో మనిషే అనిపించింది. నేనూ రాత్రిళ్లు అందరూ తిన్నాక నేల మీద చేతులు, వీపులు, ముందు భాగాలు పరుచుకుని జతలు కలుపుకునేదాన్ని, మా అమ్మాయి వాటి మీద పడి దొర్లేది.

రౌలీ కనుక్కున్నదేమిటంటే 9వ క్రోమోజోము ముక్క 22కి, 22 ముక్క 9కి అతుక్కున్నాయి. కరెంటు పోయినప్పుడు కుడితే ఇట్లాగే జరుగుతుంది: ఈ బ్లౌజు చెయ్యి ఆ బ్లౌజుకి, ఆ బ్లౌజు చెయ్యి దీనికి. ఆ తప్పు కుట్టు దగ్గర బీసీఆర్, ఏబుల్ అనే రెండు జీన్లు కలిసిపోయి ఒక కొత్త ప్రొటీన్ తయారవుతుంది. అది టైరోసిన్ కైనేజ్ అనే రకం ప్రొటీన్. కణాన్ని పెరగమని, చీలమని చెప్పే మోటారు లాంటిది. మామూలు ఏబుల్ కాలు నొక్కితే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. ఈ అతుకుల ఏబుల్ మాత్రం పెడల్ మీద కాలు తీసినా ఆగని మిషను. ఒకసారి నా మోటారు మిషను అట్లాగే అయింది, పెడల్‌లో స్ప్రింగు ఇరుక్కుపోయింది. సూది దడదడా కొడుతూనే ఉంది, గుడ్డంతా నలిగి కిందికి పోతోంది. ప్లగ్గు పీకేదాకా ఆగలేదు.

ప్లగ్గు పీకడమే ఈ మాత్ర పని. ఏబుల్‌లో ఒక సందు ఉంటుంది, ఏటీపీ అనే శక్తి అణువు వచ్చి అక్కడ కూర్చుంటేనే మోటారు తిరుగుతుంది. ఇమాటినిబ్ ఆ సందులో ముందే కూర్చుంటుంది.

ఆ సందుకి సరిపోయేట్టు దాన్ని ఎట్లా కుట్టారన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం, కొంచెం ఎక్కువ రాస్తాను. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సీబా-గైగీ అనే కంపెనీ ఉండేది, 1996లో సాండోజ్‌తో కలిసి నోవార్టిస్ అయింది. అక్కడ అలెక్స్ మాటర్, నికోలస్ లైడన్‌ల బృందంలో యూర్గ్ జిమ్మర్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేశాడు. వాళ్లకి దొరికిన మొదటి గుడ్డ 2-ఫినైల్ అమైనో పిరిమిడిన్ అనే తరగతి పదార్థం. అది అసలు వేరే కైనేజ్ కోసం వెతుకుతుంటే తగిలింది, ప్రొటీన్ కైనేజ్ సి అని. అంటే వేరే మనిషి కొలతకి కత్తిరించిన బ్లౌజు. దాన్ని పారేయకుండా ఆల్టరేషన్ మొదలుపెట్టారు. ముందు ఒక పిరిడిన్ వలయం తగిలించారు, కణాల లోపల బలం పెరిగింది. ఇంకో పక్క బెంజమైడ్ ముక్క చేర్చారు, టైరోసిన్ కైనేజ్‌లని పట్టుకోవడం మొదలైంది. కానీ పాత మనిషికి కూడా ఇంకా సరిపోతోంది. అక్కడ వాళ్లు చేసిన పని చూడండి: ఒకే ఒక్క మీథైల్ గుంపు పెట్టారు. ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు, అంతే. దాంతో అణువు కాస్త మెలి తిరిగి, ప్రొటీన్ కైనేజ్ సి మీద పట్టు పూర్తిగా వదిలేసింది.

ఇది చదివినప్పుడు నేను మిషను ఆపేశాను. ఒక్క డాట్. పావంగుళం లోతు డాట్ ఒకటి వేస్తే అక్క బ్లౌజు చెల్లికి కూర్చుంటుంది, ఆ తర్వాత అక్కకి చచ్చినా పట్టదు. ఇది నా చేతులకి తెలుసు. కంటికి కనపడని వస్తువుకి అదే పని చేసినవాళ్లు ఉన్నారని మాత్రం తెలియదు.

చివరగా ఎన్-మీథైల్ పైపరజీన్ అనే తోక తగిలించారు. అది లేకపోతే నీళ్లలో కరగదు, కరగకపోతే మాత్రగా మింగి లాభం లేదు. లైనింగ్ అనుకోండి. బయటికి కనపడదు, అది లేకుండా కట్టుకోలేం.

దీన్ని రోగుల దాకా తెచ్చినవాడు ఆరెగాన్‌లోని బ్రయన్ డ్రూకర్ అనే డాక్టరు. ఈ జబ్బు వచ్చేవాళ్లు తక్కువ, మందు ఎంతమంది కొంటారని కంపెనీలో వెనకాడినవాళ్లు ఉంటే ఆయన వెంటపడ్డాడు. 1998 జూన్‌లో మొదటి రోగులకి ఇచ్చారు. రోజుకి 300 మిల్లీగ్రాములు, ఆ పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకొచ్చింది. వాళ్లంతా అంతకు ముందు వాడే ఇంటర్‌ఫెరాన్ సూదులు పనిచేయనివాళ్లో, పడనివాళ్లో. 2001 మే 10న అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత జరిగిన పెద్ద పరీక్షలో దీనితో మొదలుపెట్టినవాళ్లలో పదేళ్లకి బతికున్నవాళ్లు 83.3 శాతం. ఈ అంకె మా ఆయన చేత గట్టిగా రెండుసార్లు చదివించాను.

ఇక మైనస్‌లు. ఉన్నాయి.

పొద్దున లేవగానే కళ్ల చుట్టూ వాపు. రాత్రంతా ఏడ్చినట్టు కనపడతాను. మొదట్లో పక్కింటావిడ మా ఆయన్ని అనుమానంగా చూసేది. పది గంటలకి తగ్గిపోతుంది. పిక్కలు పట్టేస్తాయి, రాత్రి రెండింటికి లేచి గోడకి పాదం ఆనించి నిలబడతాను. అందుకే కాలు మిషను అమ్మేసి మోటారుకి మారాను. చేపల పులుసు వాసన మొదటి ఆరు నెలలు పడలేదు. నెల్లూరు జిల్లాలో పుట్టి చేపల పులుసుకి ముక్కు మూసుకోవడం ఎంత అవమానమో బయటివాళ్లకి అర్థం కాదు. ఇప్పుడు తింటున్నాను, మామిడికాయ ఎక్కువ వేసి. కాగితంలో గ్రేప్‌ఫ్రూట్ రసం వద్దని ఉంటుంది, ఒంట్లో మందు మోతాదు పెరిగిపోతుందంట. అది మన దగ్గర ఎవరు తాగుతారని ఊరుకోకుండా దాని చుట్టం పంపర పనస సంగతి డాక్టరు గారిని అడిగాను. అదీ వద్దన్నారు. వేరే జబ్బుకి ఏ మాత్ర రాసినా, నాటు మందు ఎవరిచ్చినా ముందు ఆయనకి చెప్పాకే. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు మొదలుపెట్టక ముందే డాక్టరుతో తేల్చుకోవాలి, కడుపుతో ఉన్నప్పుడు ఈ మందు పనికిరాదు. మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాల కన్నా చిన్న వయసులో వస్తోంది కాబట్టి ఈ ముక్క రాస్తున్నాను.

ఒక మైనస్ మాత్రం ఊళ్లో ప్లస్ అయి కూర్చుంది. నేను చామనఛాయ మనిషిని. ఏడాది తిరిగేసరికి ముఖం, చేతులు తేలికపడ్డాయి. కొలతలివ్వడానికి వచ్చినావిడల్లా "ఏమ్మే, తెల్లబడ్డావే, ఏం క్రీము పూస్తున్నావు?" ఈ మాత్ర ఏబుల్‌తో పాటు కిట్ అనే ఇంకో కైనేజ్‌ని కూడా ఆపుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాలకి ఆ కిట్ కావాలి. అక్క కోసం కుట్టింది చెల్లికి పట్టకుండా చేశారు గానీ, పిన్నమ్మ కూతురికి పట్టింది. ఇదంతా కస్టమర్లకి ఎక్కడ చెబుతాను? నా జబ్బు సంగతి చాలామందికి తెలియదు. "నీడ పట్టున ఉంటున్నా కదక్కా" అంటాను. ఒకావిడ నమ్మక, నా షాపు అలమారాలో క్రీము డబ్బా కోసం కళ్లతో వెతికింది.

ఇప్పుడు రేటు. ఒకప్పుడు పేరున్న కంపెనీ మందు నెలకి దగ్గర దగ్గర 1 లక్షా 20 వేలు, మన దేశంలో వేరే కంపెనీలు చేసిన అదే మందు, అంటే జెనరిక్, 8 నుంచి 10 వేలు. ఇమాటినిబ్ మెసిలేట్ (ఇమాటినిబ్ లవణం) బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ కావాలని నోవార్టిస్ సుప్రీంకోర్టు దాకా పోయింది. తెలిసిన పదార్థానికే కొత్త రూపం తెస్తే, జబ్బు నయం చేయడంలో అది మెరుగని చూపించాలంటుంది మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి). అది చూపించలేకపోయారని 2013 ఏప్రిల్ 1న కోర్టు కొట్టేసింది. ఆ తీర్పు అటు తిరిగి ఉంటే నా మిషను, ఆటో, అమ్మ గాజులు అన్నీ కలిపి అమ్మినా నాలుగు నెలల మాత్రలు వచ్చేవి కావు. అదే సమయంలో, ఆ డాట్ వేసిన చేతులు ఆ కంపెనీవే. రెండూ మనసులో ఉంటాయి. ఏదో ఒకటే అనుకోమంటే నా వల్ల కాదు.

జెనరిక్ అయినంత మాత్రాన అయిపోలేదు. డబ్బా మీద ఉండే రేటు వేరు, షాపువాడు ఇవ్వగలిగే రేటు వేరు. ఈ సంగతి నాకు రెండేళ్లు తెలియదు. మా ఊళ్లో ఒక మెడికల్ షాపులో డబ్బా మీది రేటే కట్టించుకున్నారు, "క్యాన్సర్ మందుకి డిస్కౌంట్ ఉండదక్కా" అని. జ్వరం బిళ్లకి పది శాతం తగ్గించేవాడు దీనికి పైసా తగ్గించలేదు. నేనూ బేరమాడలేదు, పెద్ద జబ్బుకి బేరమాడితే చావు కోరుకున్నట్టుంటుందేమోనని. చీర ఫాల్ దారానికి బేరమాడే మనిషిని! చివరికి నెల్లూరులో ఇంకో షాపాయన అదే కంపెనీ, అదే డబ్బా సగానికి ఇచ్చాడు. నేను నోరెళ్లబెడితే "మాకు వచ్చే రేటే తక్కువమ్మా, అడిగినవాళ్లకి ఇస్తాం" అన్నాడు. అడిగినవాళ్లకి! ఇప్పుడు ఎప్పుడు కొన్నా నాలుగు చోట్ల అడిగే కొంటాను. రేటు, ఎక్స్‌పైరీ తేదీ, బిల్లు. మూడూ.

ఆ తెలియని రెండేళ్లలోనే నేను చేసిన తెలివితక్కువ పని ఉంది. 2018 శ్రావణంలో మా ఆయన ఆటో ఇంజను పోయింది, అమ్మాయికి ఫీజు కట్టాలి. రిపోర్టులన్నీ బాగున్నాయి, ఒంట్లో బాగుంది. ముప్ఫై మాత్రలు అరవై రోజులు తెచ్చుకుందామని రోజు మార్చి రోజు వేసుకోవడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. పైగా నేనేదో ఇల్లు సర్దుతున్నానని లోపల గర్వం.

ఈ మందు వాడేవాళ్లకి మూడు నెలలకోసారి బీసీఆర్ ఏబుల్ పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఆ తప్పు కుట్టు రక్తంలో ఇంకెంత మిగిలిందో శాతంలో వస్తుంది. మూడు నెలలకి 10 లోపు, ఆరు నెలలకి 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలని లెక్క. నాకు మూడో నెల 6.2, ఏడాదికి 0.09 వచ్చింది. నా రోజు మార్చి రోజు తెలివి తర్వాత వచ్చిన అంకె 1.4.

డాక్టరు గారు కాగితం చూసి, నన్ను చూసి, "మాత్ర రోజూ వేసుకుంటున్నావా అమ్మా?" అన్నారు. వేసుకుంటున్నానని అబద్ధం చెప్పాను. అయితే మ్యుటేషన్ పరీక్ష చేయాలన్నారు. ఒక్కోసారి ఏబుల్ సందు ఆకారమే మారిపోతుంది. ప్రొటీన్ అమైనో ఆమ్లాలు అనే పూసల దండ లాంటిది; అందులో 315వ చోట ఉండాల్సిన థ్రియోనిన్ అనే పూస పోయి ఐసోలూసిన్ అనేది వస్తే ఇమాటినిబ్ కూర్చోలేదు. థ్రియోనిన్ దగ్గర ఈ మాత్ర హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది, అది కాజా, మాత్ర హుక్కు. ఐసోలూసిన్ వచ్చిందంటే కాజా మూసి దారంతో ముద్దగా కుట్టేసినట్టే. ఇదే జబ్బుకి 2006లో వచ్చిన దాసటినిబ్, 2007లో వచ్చిన నిలోటినిబ్ కూడా అక్కడ ఓడిపోతాయి. ఆ మార్పు కోసమే కుట్టిన పొనాటినిబ్ 2012లో వచ్చింది. 2021లో వచ్చిన అసిమినిబ్ అయితే ఆ సందు జోలికే పోకుండా ప్రొటీన్‌లో ఇంకో చోట పట్టుకుంటుంది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలిసింది ఒకటే: ఆ పరీక్షకి డబ్బులు కట్టాలి, ఆ పైన మందు మారితే ఖర్చు ఎక్కడికి పోతుందో తెలియదు.

పరీక్షలో మ్యుటేషన్ లేదని వచ్చింది. కాజా బాగానే ఉంది, నేనే హుక్కు పెట్టలేదు.

అప్పుడు ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. లండన్‌లో జరిగిన ఒక పరిశోధన చెప్పారు. 87 మంది సీఎంఎల్ రోగులకి మాత్రల సీసా మూతలో చిన్న చిప్పు పెట్టి ఇచ్చారంట, మూత తీసినప్పుడల్లా తేదీ, టైము నమోదయ్యేట్టు. మూడు నెలలు చూశారు. నూటికి తొంభై పైన సరిగ్గా వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకి 0.1 లోపుకి వచ్చే అవకాశం 94.5 శాతం. తొంభై, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో 28.4. నూటికి తొంభై అంటే నెలకి మూడు మాత్రలు మర్చిపోవడం. నేను నెలకి పదిహేను మానేశాను.

నాకు చిప్పు మూత ఎవరిస్తారు? నా దగ్గర బటన్లున్నాయి. రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, ముప్ఫై ఎర్ర బటన్లు. రాత్రి అన్నం తిని, మాత్ర వేసుకుని, ఒక బటన్ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి. నెలాఖరుకి ఇటు ఖాళీ కావాలి. ఒక రాత్రి అనుమానం వచ్చి బటన్లు లెక్కపెడితే ఒకటి ఎక్కువుంది, మాత్రల అట్ట చూస్తే మాత్ర కూడా ఉంది. పదకొండింటికి లేచి ఇడ్లీ తిని వేసుకున్నాను. మా అమ్మాయి ఫోన్‌లో అలారం పెట్టుకోమంటుంది. అలారం మోగితే ఆపేసి పడుకోవడం నాకు బాగా వచ్చు. బటన్ ఆగదు, పొద్దున కూడా అక్కడే ఉండి చూస్తుంటుంది.

అంకె దిగడానికి తొమ్మిది నెలలు పట్టింది. పెరగడానికి రెండే నెలలు.

ఈ మధ్య ఆపేయొచ్చా అని కూడా అడిగాను. అందరూ అడిగే ప్రశ్నేనంట. ఫ్రాన్స్‌లో వంద మంది చేత ఆపించి చూశారు. ఊరికే కాదు, కనీసం రెండేళ్లు పరీక్షలో ఏమీ కనపడనివాళ్ల చేత. ఏడాదికి నూటికి నలభై మందిలో జబ్బు తిరిగి రాలేదు, వచ్చినవాళ్లకి మళ్లీ మొదలుపెడితే పనిచేసింది. నాకు ఇంకా కొంచెం కనపడుతోంది కాబట్టి నేను ఆ వరసలో లేను. "తొందరేముందమ్మా" అన్నారు డాక్టరు గారు. ఆయనకేం, బటన్లు లెక్కపెట్టేది నేను.

స్టార్లు: మాత్రకి ఐదు. కళ్ల వాపుకి అర స్టారు తీసేద్దామనుకున్నాను గానీ, ఆ పెట్టెలో అర ఇవ్వడానికి లేదు. డబ్బాలోని కాగితానికి ఒకటి, చీమల బారులాంటి అచ్చు, ఒక్క తెలుగు ముక్క లేదు. తెచ్చిచ్చిన కుర్రాడికి ఐదు. అడిగితేనే రేటు తగ్గించే షాపులకి ఎంతివ్వాలో మీరే వేసుకోండి.

నోట్‌బుక్ చివరి పేజీ నిండిపోయి అట్ట లోపలి వైపుకి వచ్చాను. పోయిన నెల పీసీఆర్ 0.004. నడుము 34. ఆ రెండంగుళాలకీ మాత్రకీ సంబంధం లేదు, చేపల పులుసు మళ్లీ మొదలుపెట్టాను కదా.